ముహూర్తానికి విప్పిన బస్తా

నేను ఒక సిమెంటు బస్తాను. ఉన్నమాట చెప్పాలంటే, బస్తాగా వచ్చి బండగా మారినదాన్ని. ఎవరి పుణ్యమో చెబుతాను వినండి, కడుపు మండిపోతోంది.

కొండలో సున్నపురాయిగా హాయిగా పడున్నదాన్ని పగలగొట్టి, బట్టీలో కాల్చి, పిండి చేసి సంచిలో పోశారు. పోనీలే, గోడనవుతాను కదా అని ఓర్చుకుని, లారీ ఎక్కి కోనసీమలో గంగాధరం గారింటికి చేరాను. గోదావరి గట్టున ఇల్లు, పక్కన ఖాళీ స్థలం. అందులో గెస్ట్‌హౌస్ కట్టాలన్నది ఆయన భార్య సీతామాలక్ష్మి గారి కోరిక. ఆవిడ చేతివంట తిన్నవాళ్లంతా మళ్లీ వస్తామంటారు, వస్తే ఉంచడానికి గది లేదు. కార్తీకమాసం స్నానాలకు వస్తామన్న హైదరాబాదు ఆడవాళ్లకు మాట కూడా ఇచ్చేసింది. తనకంటూ ఒక పని, ఒక పేరు ఉండాలని ఆవిడ ఆరాటం.

నేను వచ్చిన వారానికే మూఢం ముంచుకొస్తోందన్నారు. మూఢంలో పని మొదలుపెట్టకూడదట. ముందే మొదలుపెట్టేస్తే మాత్రం ఎన్నాళ్లయినా సాగించుకోవచ్చట! అంచేత గంగాధరం గారు ఆదరాబాదరాగా శంకుస్థాపన కానిచ్చారు. నా మూతి విప్పి ఒకే ఒక్క తాపీడు సిమెంటు గోతిలో వేయించి, కొబ్బరికాయ కొట్టి, "హమ్మయ్య, మొదలెట్టేశాం" అన్నారు. నా మూతికి పురికొస చుట్టి అరుగు మీద కూలేశారు.

అక్కణ్నుంచి మొదలైంది నా ఖర్మ. కాంట్రాక్టుకి ఇవ్వాలా, దగ్గరుండి కట్టించుకోవాలా?

"కాంట్రాక్టరా? సగం సరుకు వాడే మింగేస్తాడు. కూలీల్ని పెట్టి నేనే కట్టిస్తా" అంటారు పొద్దున్న. మధ్యాహ్నానికి, "ఈ ఎండలో ఎవడు నిలబడతాడే? ఏసుబాబుకి అప్పజెప్పేద్దాం" అంటారు. ఏసుబాబు ఆ ఊరి కాంట్రాక్టరు. పాపం, టేపు పట్టుకుని వచ్చి కొలుచుకెళ్లాడు. అతను గుమ్మం దాటాడో లేదో, "చూశావా ఎంత ఆత్రమో! అలాంటివాణ్ని నమ్మకూడదు" అన్నారు ఈయన.

శ్రావణంలో బావమరిది వచ్చి సొంతంగా కట్టించుకోమన్నాడు. భాద్రపదంలో పక్కింటాయన కాంట్రాక్టే మేలన్నాడు. అందరూ నా మీద చెయ్యి ఆనించి కాఫీలు తాగినవాళ్లే. ఓరి నాయనలారా, గడ్డకట్టిపోతున్నానర్రా అని ఎంత మొత్తుకున్నా వినేదెవరు? వాన చెమ్మ విప్పిన మూతిలోంచి దిగుతూనే ఉంది.

"ఏవండీ, ఏదో ఒకటి తేల్చండి. అవతల మాటిచ్చేశానండి" అని ఆవిడ బతిమాలింది.

"తొందరపడితే ఎలాగే? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు."

"కట్టి చూడమన్నారండి. కూర్చుని చూడమనలేదు."

దీపావళి వెళ్లింది, కార్తీకం వచ్చేసింది. ఆవిడ హైదరాబాదు వాళ్లకి ఫోన్ చేసి, "గది అవ్వలేదమ్మా, వేరేచోట చూసుకోండి" అంది. ఫోన్ పెట్టేసి వచ్చి నా మీదే కూలబడింది. అప్పటికి నేను పూర్తిగా రాయినైపోయాను. ఆవిడ గోడనవ్వాల్సినదాన్ని పీటనయ్యానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

గంగాధరం గారు నెమ్మదిగా వచ్చారు. "బాధపడకే. వచ్చే ఏడు చూద్దాం. స్థిమితంగా కూర్చుని, కాంట్రాక్టా సొంతమా అని..."

"ఇంక కూర్చోవక్కర్లేదండి. ఏసుబాబుతో మాట్లాడేశాను. రేపే పునాది తవ్వుతాడు."

"రేపా! మంగళవారమే!"

"తెలుసండి. మీరు అరుగు దిగకుండా ఉంటే చాలు, నాకదే ముహూర్తం."

ఏసుబాబు మర్నాడు నన్ను కాలితో తట్టి చూసి, "ఇది పనికిరాదమ్మా" అని గట్టు కిందికి దొర్లించాడు. ఏడుపొచ్చింది. అయినా ఇక్కణ్నుంచి గోడలు లేవడం బాగానే కనిపిస్తోంది. కిటికీ తూర్పుకా, ఉత్తరానికా అన్నది గంగాధరం గారు ఇంకా తేల్చలేదు. ఆయన్ని ఎవరూ అడగనూ లేదు.