ఆశన్న పక్క

మాణిక్యమ్మకు తాను వేసిన తారు రోడ్లన్నీ గుర్తే. ఏ రోడ్డు దగ్గర వాన పడిందో, ఏ రోడ్డు దగ్గర, ఇప్పుడు అత్తారింట ఉన్న కూతురికి మొదటి పళ్ళొచ్చాయో కూడా చెప్పగలదు. వినేవాళ్ళుంటే కదా.

ఆమెకూ మొగుడు ఆశన్నకూ ఒక అలవాటుండేది. పాలమూరు నుంచి పనికి ఎక్కడికి పోయినా సరే, రోడ్డు చల్లారాక, బండ్లు వదలకముందే ఇద్దరూ చెప్పులు విడిచి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవారు. ఎడమ పక్క ఆశన్న, కుడి పక్క ఆమె. "మొదలు మనం నడవాలె. మంత్రి తర్వాత నడుస్తడు" అనేవాడు.

నిరుడు ఎండాకాలం ఆశన్న ఘాజియాబాద్‌లోనే పోయాడు. కలిసి పనికొచ్చిన ముఠావాళ్ళు ఊరికెళ్ళిపోయారు. ఆయనను మట్టి చేసిన చోటు వదిలి పోలేక ఆమె మాత్రం ఇక్కడే హిందీ కూలీలతో కలిసి పనిచేస్తోంది. "హా జీ", "ఠీక్ హై", ఈ రెండు మాటలతోనే రోజులు వెళ్ళిపోతున్నాయి.

ఈసారి పని రైలు పట్టాల కింద. వాన నీళ్ళు మట్టిలోకి దిగి పట్టాలు కుంగకుండా ముందు తారు పరుస్తారు. దానిమీద కంకర, ఆపైన పట్టాలు. కంకర పోశాక ఈ తారు మీద ఎవరూ నడవరు. అందుకే పొద్దున్నే లేచి తన కుడి పక్కన కొసదాకా నడిచింది. తిరిగి చూస్తే ఆశన్న పక్క బోసిగా ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆయన నడిచే పక్క మీదుగా నడిచింది.

సగం దూరంలో అరికాలికి గరగరమని తగిలింది. మడమతో నొక్కితే రాళ్ళు ఊడొచ్చాయి. నిన్న ట్రాఫిక్‌లో ఇరుక్కున్న లారీలోని తారు మాలు చల్లబడి వచ్చుంటుంది, రాళ్ళను పట్టలేదు. కంకర పొయ్యనీకుండా అక్కడే కూర్చుంది.

"ఉఠో అమ్మా, కంకర గాడీ ఆ గయీ" అని లేవమన్నాడు సూపర్‌వైజర్.

"యే మాల్ ఠండా" అని వచ్చీరాని హిందీలో మాలు చల్లబడిందని చెప్పింది.

"పైర్ సే టెస్ట్ కియా?" అని ఆమె కాళ్ళకేసి చూసి నవ్వాడు. కూలీల పట్టీలోంచి పేరు కొట్టేస్తానన్నాడు. పేరు పోతే ఉండే రేకుల గది పోతుంది, ఆశన్న ఉన్న ఊరూ పోతుంది. అయినా లేవలేదు.

ఢిల్లీలోని ఆర్.కె. పురంలో పుట్టి పెరిగిన తెలుగు ఇంజనీరు కిరణ్మయి వచ్చింది. "క్యా హువా, ఆంటీ? ఏమైంది?"

ఎన్నాళ్ళకు విన్నదో తెలుగు. "గీడ నీళ్ళు పొయ్యి బిడ్డా. ఆ పక్కన గూడ పొయ్యి."

కిరణ్మయి సీసా మూత తీసింది. పక్కన నీళ్ళు బొట్లుబొట్లుగా నిలిచాయి. ఇక్కడ మాత్రం జొన్నరొట్టె మీద పులుసు పోసినట్టు ఇంకిపోయాయి. కిరణ్మయి కంకర లారీలను వెనక్కి పంపింది. సాయంత్రానికల్లా ఆ ముక్క తవ్వి, వేడి మాలు పోసి రోలరు తిప్పారు.

మర్నాడు కిరణ్మయే పిలిచింది. "ఒకసారి నడిచి చూడండి, ఆంటీ."

మాణిక్యమ్మ చెప్పులు విడిచి ఎడమ పక్కకు వెళ్ళింది. కొత్త ముక్క మీద కాలు నున్నగా ఆనింది, ఒక్క రాయీ ఊడలేదు. ఆమె అది దాటగానే వెనక లారీ కంకర కుమ్మరించడం మొదలుపెట్టింది. ఆమె ఒక్కో అడుగు వేస్తుంటే వెనక ఒక్కో అడుగూ కప్పుకుపోతోంది. కొసకొచ్చి చూస్తే అంతా రాళ్ళే.

"ఎలా ఉంది?" అడిగింది కొస దగ్గర నిలబడ్డ కిరణ్మయి.

"మంచిగున్నది బిడ్డా. మా ఆశన్న ఉంటేనా..."

కిరణ్మయి ఫోను మోగింది. "ఏక్ మినిట్, ఆంటీ" అంటూ అటు తిరిగింది.

మాణిక్యమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ మాట పూర్తి చేయడానికి కాసేపు అక్కడే నిలబడింది.