నూటికొక్క గింజ

ఆదివారం పొద్దున రేవతి చేట ముందేసుకుని, రేషన్ బియ్యంలోంచి పసుపు తిరిగిన గింజల్ని ఏరుతోంది. నూటికి ఒకటి ఉంటుంది. నీళ్లలో వేస్తే తేలుతుంది. అందుకే అది ప్లాస్టిక్ అని బందరు పక్కనున్న గిలకలదిండిలో చాలామంది నమ్మారు. అత్తగారు గంగాదేవి అందరికంటే గట్టిగా నమ్మింది.

"సరిగ్గా చూడవే. కడుపుతో ఉన్నదానివి, ప్లాస్టిక్కు తింటావా?"

"ప్లాస్టిక్ కాదత్తయ్యా. బియ్యప్పిండిలో విటమిన్లు కలిపి చేసిన గింజ. ల్యాబులో నేను కొలిచేది వీటినే."

"అంత కొలిచేదానివి, నీ ఒంట్లో రక్తం ఎనిమిదే ఎందుకుందంట?"

వల బాగుచేసుకుంటున్న భర్త ఆంజనేయులు తలెత్తలేదు. "అమ్మతో వాదనెందుకు? నీ ల్యాబు గేటు దగ్గరే వదిలేసి రా."

రేవతి ఏరింది. ఏరినవి కోళ్లు తిన్నాయి. వాటికేమీ కాలేదు.

డాక్టరమ్మ ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేడి చేస్తాయని గంగాదేవి ఎక్కడో దాచింది. బిడ్డ వెన్ను మూసుకునే రోజులివే, మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఇంట్లో చివర తినేది రేవతే. ఆ కంచంలోకి ఫోలిక్ యాసిడ్ ఉన్న ఈ గింజలు కూడా రావు.

సోమవారం ల్యాబులో తెరలు దించి ఉన్నాయి. ఫోలిక్ యాసిడ్ వెలుతురుకు చెడిపోతుంది. ల్యాబు పెద్ద రాజకుమారి మేడమ్‌ని అడిగి, బడిపిల్లల బియ్యం నమూనాల వెనక, గింజలు ఏరేసిన తన ఇంటి బియ్యమూ పెట్టింది. బియ్యం నుంచి తీసిన ద్రవం సన్నటి గొట్టంలోంచి సాగుతుంది. ఒక్కో విటమిన్‌ది ఒక్కో నిమిషం. మిషన్ చప్పుడు వింటుంటే రేవతికి నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. పైన ఎవరో పిలుస్తున్నట్టు, పలకకపోయినా ఫర్వాలేదన్నట్టు. బడి బియ్యానికి ఆరో నిమిషంలో, ఫోలిక్ యాసిడ్ వచ్చే చోట, కంప్యూటర్ మీద గీత లేచింది, అలలా, మళ్లీ పడుకుంది. చేయి దానంతటది కడుపు మీదికి పోయింది.

తన బియ్యం వంతు వచ్చింది. ఆరో నిమిషం. ఏడు. ఎనిమిది. బందరు సముద్రం అలలు మానేసినట్టు గీత అలాగే పోయింది. జిల్లా పిల్లల అన్నంలో ఆ విటమిన్ ఉందో లేదో చూసే చేతులే ఇంట్లో దాన్ని ఏరి పారేశాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గంగాదేవి ఏరిన గింజలు గిన్నెలో ఉన్నాయి. రేవతి గిన్నెను బియ్యంలో బోర్లించి, చేత్తో కలిపింది.

"ఏం చేస్తున్నావే?"

"అన్నం వండుతున్నానత్తయ్యా. నా మాత్రలు తెచ్చివ్వండి. ఈ పూట ముందు నేను తింటాను. తర్వాత మీ ఇష్టం."

కోళ్లు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాయి.