ఖాళీ మీట

"ఏమ్మా, ఖాళీయేనా?" అని మా అత్తయ్య హాల్లోంచి అడిగితే హెడ్‌ఫోన్ తీసి లేచాను. ఆవిడకు కళ్ళజోడు కావాలి. అది ఆవిడ ఒళ్ళోనే ఉంది.

నేను ఇంట్లో కూర్చుని, డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేస్తాను. వినడమే సగం పని. ఒక డాక్టరుగారైతే మాటల్ని నమిలి మింగేస్తారు. మందు మోతాదు ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేల్చుకోవడానికి నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినాలి. అప్పుడు చేతులు కదలవు. కొత్త కీబోర్డు వచ్చిన దగ్గర్నుంచి, చేతులు కదలనప్పుడల్లా నేను ఖాళీ.

అది మా ఆయనే తెచ్చారు. చెప్పులు కొనడానికి మూడు కొట్లు తిరిగే మనిషి, అడక్కుండానే మెకానికల్ కీబోర్డు తెచ్చి బల్ల మీద పెడితే, నాకు సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. వస్తువుకు వంక పెట్టలేను. పాతదాని మీద సగం అక్షరాలు పడేవి కావు, సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోయేవి. దీని మీటలు ఒక్కొక్కటీ వేలిని అందుకుని మళ్ళీ పైకి పంపుతాయి. పడిందో లేదో చూసుకోనక్కర్లేదు. నెల తిరిగేసరికి మణికట్టుకు పట్టీ మానేశాను. పొద్దున్నే దేవుడి ముందు నొప్పి లేకుండా చేతులు జోడించగలిగాను. తెచ్చిన మనిషిని చల్లగా చూడమని కూడా వేడుకున్నాను.

కానీ చప్పుడు! టకటకమని ఇల్లంతా వినిపిస్తుంది. మా ఇంట్లో దానికి పోటీ ఒక్కటే. మధ్యాహ్నం అత్తయ్య తన గ్లాసూ పళ్ళెమూ కడుక్కుంటూ, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, అరగంటసేపు గిన్నెలు మోగిస్తారు.

ఒకరోజు కీబోర్డు పెట్టె పారెయ్యబోతూ చూశాను. 'చప్పుడు చేసేది', 'చప్పుడు చెయ్యనిది' అని దాని మీద రెండు గడులు. మొదటిదానికి టిక్కు.

"ఏమండీ, చప్పుడు లేనిది దొరకలేదా?"

"దొరికింది. ఇదైతే నువ్వు పనిలో ఉన్నావని అమ్మకి తెలుస్తుంది కదా. పిలవదు. నీ మంచికే."

మాట మంచిదే. తిరగేసి చూస్తేనే బాగాలేదు. చప్పుడు లేని ప్రార్థన కూడా దేవుడికి వినిపిస్తుందని చిన్నప్పట్నుంచీ నమ్ముతున్నాను. మరి చప్పుడు లేని పని ఇంట్లోవాళ్ళకెందుకు వినిపించదు?

ఆ రోజు కళ్ళజోడు ఆవిడ చేతికిచ్చి వచ్చి, అప్పటిదాకా విన్నది మర్చిపోయి, ఫిఫ్టీ అని కొట్టి పంపేశాను. మర్నాడు ఆఫీసులో మా కాగితాలు సరిచూసే అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, అది ఫిఫ్టీన్. పసిపిల్ల మందు. నా కంట పడింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారైతే పైవాళ్ళకి చెప్పక తప్పదు."

"అంత మంచి కీబోర్డు పెట్టుకుని తప్పులేంటి?" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయనకు సెలవు.

మళ్ళీ అదే డాక్టరు గొంతు. అంకె దగ్గర ఆపాను. హాల్లో కుర్చీ కిర్రుమంది. నా బొటనవేలు తనంతట తానే స్పేస్ బార్ మీద పడింది. టక్. టక్. టక్. కుర్చీ సర్దుకుంది. అన్ని మీటల్లోకీ పెద్ద చప్పుడు దానిదే, రాసేది మాత్రం ఖాళీని. ఇది అబద్ధమా స్వామీ అని అడుగుతూనే, వేలు ఆపకుండా నాలుగుసార్లు విన్నాను. థర్టీ కాదు, థర్టీన్. అనుమానం లేదు.

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగాను. గుమ్మంలో అత్తయ్య. తెర మీది తెల్లటి ఖాళీనీ, కొట్టుకుంటున్న నా బొటనవేలినీ మార్చి మార్చి చూశారు.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి మా ఆయన కేకేశారు. "అమ్మా, తను ఖాళీయేనా? నా చొక్కా గుండీ ఊడింది."

"ఎక్కడి ఖాళీరా! చెవులు చిల్లులు పడేట్టు కొడుతుంటే వినపడట్లా? సూది అలమారలో ఉంది, కుట్టుకో."

నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఎందుకలా అన్నారు? దీనికి బదులుగా రేపు నన్నేమడుగుతారు? అన్నం తింటున్నంతసేపూ అదే ఆలోచన.

భోజనాలయ్యాక వంటింటి తలుపు దగ్గరగా పడింది. గిన్నెలు మోగడం మొదలైంది. ఒక గ్లాసు, ఒక పళ్ళెం. పన్నెండేళ్ళుగా నేను రోజూ వెళ్ళి, "ఇంకా అవలేదా అత్తయ్యా?" అంటూ ఆ తలుపు తోస్తూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం తొయ్యలేదు.