మజ్జిగ గిన్నె

వెనక సీట్లో సర్దుకు కూర్చుని, ఒళ్లో మజ్జిగ గిన్నె పెట్టుకుని, "పోనియ్యి బిడ్డా" అన్నాడు బ్రహ్మచారి.

మెట్టుగూడలో షాకబ్జార్బర్లు బాగుచేసేవాళ్లు ఇంకొందరు కూడా ఉన్నారు. వాళ్లు బండిని తామే నడిపి చూస్తారు. బ్రహ్మచారి మాత్రం వెనక కూర్చుంటాడు. కుదుపు సంగతి వెనక కూర్చున్నవాడినే అడగాలని ఆయన నమ్మకం. భార్య విమలమ్మ కట్టిచ్చిన మజ్జిగ గిన్నె నిండా పోసుకుని ఒక చుట్టు తిరిగొస్తాడు. తొణికిందా, పని మిగిలినట్టే. తొణకలేదా, గటగటా తాగేస్తాడు. సాయంత్రం ఆయన ప్యాంటు చూసి ఆ రోజు పనెలా సాగిందో విమలమ్మ ఇట్టే చెప్పేస్తుంది.

ఇవాళ ఆఖరి రోజు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. బండి కిందికి దూరితే లేపడానికి మనుషులు కావాలి. రేపటి నుంచి షెడ్డు తెరవనని నవ్వుతూనే అందరికీ చెప్పాడు. ఆఖరి బండి మేబెల్ వ్యాను.

మేబెల్ పెళ్లి కేకులు చేస్తుంది. పోయినేడు మౌలాలి దగ్గర వ్యాను గుంతలో పడి మూడంతస్తుల కేకు కూలిపోయింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. ఇన్నాళ్లకు షెకీనా అనే పెళ్లికూతురు ధైర్యం చేసి అడిగింది. సాయంత్రం కాప్రాలో పెళ్లి. ఇదీ కూలితే ఇక ఓవెన్ అమ్మేయడమేనని మేబెల్ పొద్దున్నే చెప్పింది.

వ్యానుకున్న షాకబ్జార్బర్లు బిగువు మార్చుకునే రకం. హైవే మీద ఊగకుండా ఉండాలని ఆమె తమ్ముడు బాగా బిగించి వదిలాడు. అక్కడికది మంచిదే. ఊళ్లో మాత్రం ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. బ్రహ్మచారి నాలుగింటినీ పూర్తిగా వదులు చేశాడు.

మొదటి స్పీడ్ బ్రేకర్‌కే వ్యాను ఉయ్యాలలా ఊగింది. సగం మజ్జిగ ప్యాంటు మీదికొచ్చింది. మేబెల్ మొహం పాలిపోయింది. బ్రహ్మచారి పగలబడి నవ్వాడు.

"నాదే తప్పు బిడ్డా. కేకు మెత్తగుంటదని బండిని సుత మెత్తగ జేసిన. జెర బిగియ్యాలె."

మూలుగుతూ మళ్లీ కిందికి దూరి, వెనకవి కొంచెం ఎక్కువ, ముందువి కొంచెం తక్కువ బిగించాడు. మళ్లీ గిన్నె నింపుకుని అదే స్పీడ్ బ్రేకర్ ఎక్కించాడు. చుక్క తొణకలేదు. అయినా తాగలేదు. కాప్రా చేరాకే తాగుతానని, షెడ్డుకు తాళం వేసి, మేబెల్ ఇంటి దగ్గర కేకు ఎక్కించాక దాని పక్కనే కూర్చున్నాడు.

దారంతా మేబెల్ ఊపిరి బిగబట్టే నడిపింది. మౌలాలి గుంత వచ్చింది, పోయింది. కాప్రాలో తలుపు తీస్తే కేకు మీద చక్కెర పువ్వు ఒక్కటి కూడా కదల్లేదు. మేబెల్ ఏడుస్తూ నవ్వింది. బ్రహ్మచారి గిన్నె ఎత్తి మజ్జిగంతా తాగాడు. అంత రుచిగా ఎన్నడూ లేదనిపించింది.

పెళ్లిలో రెండు ముక్కలు తిన్నాడు, విమలమ్మకొకటి కాగితంలో చుట్టుకున్నాడు. పాటల సందడిలో ఆయనెప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు. ఇంటి దగ్గర విమలమ్మ ప్యాంటు చూసి, షురూలో తప్పు జేసినవ్, తర్వాత దిద్దుకున్నవ్ అంది. ఆయన కేకు ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

అంతలో మేబెల్ ఫోన్ చేసింది, గిన్నె మరిచిపోయారని.

"మరువలే బిడ్డా. నీ కాడనే ఉండనియ్యి. రోడ్డు మారినప్పుడల్లా తమ్మున్ని నడపమని, నువ్వు నింపుకొని ఎన్క కూసో."

వ్యాను వెనక సీట్లో, మడిచిన తువ్వాలు మీద, ఆ గిన్నె శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.