రత్నము త్రవ్వించిన యింకుడుగుంత

రోహిణికార్తె యెండలకుఁ బెనమువలెఁ గాఁగిన విశాఖపట్టణమున మృగశిర ప్రవేశించిన మూఁడవనాఁటి సాయంకాలమున సాగరగర్భసంభవములగు నీలనీరదములు కైలాసగిరిశిఖరము నావరించి పురముపైకి మందమందముగా దిగివచ్చుచుండెను.

అప్పురమందలి యొక యిఱుకుసందునఁ బైడితల్లమ్మ యను గృహయజమానురాలి డాబాయింటి వెనుకవాటాలో నూకరత్నమను బాలింత యద్దెకుండెను. చైత్రముననే యింటిబోరు వట్టిపోయెను. కొన్న ట్యాంకరునీట స్నానము చేయింపఁగా నైదునెలల పసికూన మేనెల్ల నెఱ్ఱని పొక్కులు లేచెను. అది మొద లాతల్లికిఁ గునుకు లేదు. రత్నము పైడితల్లమ్మ కాళ్లావేళ్లాపడి యొప్పించి వాకిటి గచ్చు పగులఁగొట్టించి బోరుప్రక్క గుంత త్రవ్వించి కంకరయు నిసుకయు నింపించి డాబామీఁది వాననీరు దిగు గొట్టమును దానిలోనికి మఱలింపించెను. ముగ్గువేయు గచ్చు పాడయ్యెనని యలిగిన యజమానురాలు కట్టడి చేసెను.

"తొలివానకి ఆ గొట్టంలోంచి నీరు దిగాల. దిగనేదా, గచ్చు మళ్లీ యేయించీసి వాటా కాళీ సేసీ."

వాన వచ్చెను. కుండపోతగాఁ గురిసెను. బిడ్డను భుజమునఁ బెట్టుకొని చూరుక్రింద నిలిచిన రత్నము గొట్టమువంక ఱెప్పవాల్పక చూచుచుండెను. గడియ గడచినను దాని నోటినుండి చుక్కయైన రాలదయ్యెను.

"ఏటే పిల్లా, వానకి నీ గుంత దారి తెలీనేదేటి?" యని పైడితల్లమ్మ గుమ్మమునుండి నవ్వెను.

"డాబా మీద పడ్డ నీరు ఏటైపోనాది అత్తా? పాపని ఓపాలి పట్టుకో" యని బిడ్డ నామె కందిచ్చి రత్నము తడియుచునే మెట్లెక్కెను.

డాబా చెఱువై యుండెను. చీలమండలు మునుఁగు నీటిలోఁ దడవి తడవి తూముకంతఁ గనుఁగొని యందు బిగియఁ గ్రుక్కియున్న గుడ్డపీలికను రెండుచేతులఁ బట్టి లాగెను. లాగినంతనే కొండవాఁగువలె ఘోషించుచు జలమెల్ల గొట్టమునఁబడి గుంతలోని కుఱికెను.

రత్నము దిగివచ్చి పీలికను జూపెను.

"ఓలమ్మా! ఇది నా పసుపుకోక ముక్కే! వడియాలెండెట్టినప్పుడు ఉడతలు రాకుండా నానే కుక్కీసినాను" అని పైడితల్లమ్మ నోరు నొక్కుకొనెను.

"మరి గచ్చో అత్తా?"

"నోర్ముయ్యే. గుంత సుట్టూ యేసుకుంటాన్లే ముగ్గు."

బోరున నీరూరుటకు మఱి కొన్ని వానలు కావలసియుండెను. అది యిరువురు నెఱుఁగుదురు. ఐనను వాన వెలిసినపిదపఁ బైడితల్లమ్మ బిడ్డను దల్లికిచ్చి యా పీలికను బాఱవేయక గుంతయొద్దకుఁ గొనిపోయి వంగి అది యింతసేపు ఆపిన నీటి ఋణము తీర్చునట్లు కడపటి చుక్క రాలువఱకు నందులోఁ బిండెను.