వంటగట్టు మీద కెమెరా

మూడోసారి టీ పెడుతున్నాను. మా ఆయన మహేందర్‌కు చక్కెర ఎక్కువ కావాలి, మనస్వినికి అసలు వద్దు. అల్లం మాత్రం ఇద్దరికీ ఉండాలి. పొద్దుట తొమ్మిది నుంచి వాళ్లిద్దరూ ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ గదే మా వీడియో దుకాణం. లాల్‌దర్వాజాలో మేం అద్దెకుండే మూడు గదుల్లో అది మొదటిది, ఈ వంటగది చివరిది.

"సార్, ఇది డిటెక్ట్ అవ్వట్లేదండి. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, రీస్టార్ట్ కూడా చేశాను."

"సాఫ్ట్‌వేర్ ఏమన్న ఖరాబైందా మనస్విని గారూ?"

"అదీ చూశానండి. అసలు కెమెరా పెట్టినట్టే చూపించట్లేదు."

"బ్యాటరీ దిగిందేమో?"

"లేదండి, ఫుల్ ఉంది."

బ్యాటరీ నిండుగా ఉన్నా లాభం లేదని నాకు తెలుసు. ఆ పాత క్యామ్‌కార్డర్ బ్యాటరీ మీద గంటలకొద్దీ రికార్డు చేస్తుంది. కంప్యూటర్‌కు తగిలించినప్పుడు మాత్రం గోడలోంచి కరెంటు అందితేనే పలుకుతుంది. దాని అడాప్టర్ నా మోచేతి పక్కనే, మిక్సీ వెనకాల ప్లగ్గులో ఉంది. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ఒక్క మాట చెబితే చాలు. నేను చెప్పలేదు. టీ వడగట్టాను.

పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో నా పని లైటు పట్టుకోవడం. మహేందర్ వీడియో తీస్తుంటే వెనక నిలబడి రెండు చేతులతో లైటు ఎత్తి పట్టుకునేదాన్ని. పత్తర్‌గట్టి వెనక గల్లీలో తయ్యబా బేగం గారి పెద్దకూతురి పెళ్లి వచ్చింది. ఆడవాళ్ల వైపు మగవాళ్లు రాకూడదన్నారు. ఆర్డరు పోతుందని మహేందర్ కెమెరా నా చేతికిచ్చి, "ఎర్ర బటన్ ఒత్తు, అంతే. ఇంకేం ముట్టకు" అన్నాడు. ఇంకేం ముట్టకుండా వీడియో రాదని మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. ఆ కెమెరాలో కార్డు ఉండదు, తీసినదంతా దాని కడుపులోనే ఉంటుంది. మగవాళ్లు చూడకూడనిది కాబట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కూడా నాకే వచ్చింది. వంట ఆగకూడదు కాబట్టి ఆ పనీ ఇక్కడే, పాత లాప్‌టాప్ గట్టు మీద పెట్టుకుని, అన్నం ఉడుకుతుంటే. కెమెరా పలకక ఒక రోజంతా అవస్థపడ్డాను. మా ఊరి బడిలో పదో తరగతి వరకే చదివాను. కెమెరాతో వచ్చిన పుస్తకమంతా ఇంగ్లీషు. అందులో ఒకచోట గోడకు ప్లగ్గు, ప్లగ్గు నుంచి కెమెరాకు వైరు గీసిన బొమ్మ ఉంది. ఆ భాష రానివాళ్లం బొమ్మల్ని శ్రద్ధగా చూస్తాం.

ఇదంతా మహేందర్‌కు తెలియదు. రికార్డయినది కంప్యూటర్‌లోకి ఎలా వస్తుందో ఆయన ఎప్పుడూ అడగలేదు, అన్నం ఎలా ఉడుకుతుందో అడగనట్టే.

మనస్విని దుకాణంలో పనికి వచ్చి నాలుగు నెలలైంది. మల్టీమీడియాలో డిప్లొమా. వాళ్ల నాన్నది కాకినాడ వైపు, ఇక్కడేదో సర్కారు ఆఫీసులో పని. మొదట్లో నాకు అందరు భార్యలకూ వచ్చే అనుమానమే వచ్చింది. తలుపు సందులోంచి చూసేదాన్ని. మహేందర్ ఆ పిల్ల మొహం వైపు కూడా చూడడు, స్క్రీన్ వైపే చూస్తాడు. "మీరేమంటరు మనస్విని గారూ, ఈ బిట్టు ఉంచుదామా?" అని అడుగుతాడు. ఆయన ఆమె మీద కన్ను వేసుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. అప్పుడు ఊరంతా నా వైపు ఉండేది. ఇరవై రెండేళ్ల పిల్లను "మీరేమంటరు" అని అడిగినందుకు నేను ఎవరి దగ్గర ఏడవాలి?

మొన్న తయ్యబా బేగం గారి మూడో కూతురు సుమయ్యా మంజే. పెళ్లికి ముందు పసుపు రాసే వేడుక, అంతా ఆడవాళ్లే. పెద్దపిల్లలిద్దరివీ నేనే తీశాను. ఈసారి నేను చీర కూడా కట్టుకున్నాక మహేందర్, "మనస్విని గారు పోతరు లే. ఆమెకు యాంగిల్స్ తెలుసు. నువ్వు పోతే అమ్మకు రొట్టెలెవరు చేస్తరు?" అన్నాడు. నేను రొట్టెలు చేశాను. ఆ పిల్ల నా కెమెరా మెడలో వేసుకుని వెళ్లింది.

అందుకే ఈ పొద్దు ముందుగదిలోంచి "రావట్లేదండి" అని వినబడ్డ ప్రతిసారీ నాకు నాలుక మీద బెల్లం పెట్టినట్టుంది. అబద్ధమెందుకు, హాయిగా ఉంది.

టీ తీసుకెళ్లేసరికి మనస్విని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పెళ్లి మగపిల్లవాడి ఊరు బీదర్‌లో, సుమయ్యా సాయంత్రమే వెళ్లిపోతోంది, వీడియో ఉన్నదున్నట్టు అయినా సరే ఆ లోపు కావాలని పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. తయ్యబా బేగం పంపిన చిన్న పెన్‌డ్రైవ్ బల్ల మీద ఖాళీగా పడి ఉంది.

"ఇగ మనతోని గాదు," అన్నాడు మహేందర్ కప్పు అందుకుంటూ. "నయాపూల్ కాడ పింటూ లేడా, వానికిస్తే కెమెరా ఇప్పి లోపలిదంత బయటికి గుంజుతడు."

"మగవాళ్లు చూడొద్దన్నరు కదా," అన్నాను.

"పింటూ ఏం మగోడే, మన దోస్తు."

"తయ్యబా ఆపాకు నేను మాటిచ్చిన."

"నీకేం తెలుసు గివన్నీ? మాట మాట అంటవ్, కెమెరా పలుకుతదా నీ మాటకు? కప్పులు తీస్కపో. బండి మెకానిక్ కాడుంది, అర్ధగంటల తెస్త." చెప్పులు వేసుకుని వెళ్లాడు.

మొదటి పెళ్లిలో తయ్యబా బేగం నా గడ్డం పట్టుకుని, "నువ్వు చూస్తే ఫికర్ లేదు ఆండాలూ. మర్ద్ కళ్లు మాత్రం పడొద్దు, కసమ్ ఖావ్" అంది. నేను మా ఊరి పోచమ్మ మీద ఒట్టేశాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కప్పులు తీసుకోలేదు. కెమెరా, వైరు, లాప్‌టాప్, ఆ డ్రైవ్ తీసుకుని వంటగదిలోకి వెళ్లాను. మనస్విని వెనకే వచ్చింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల వంటగదిలో అడుగుపెట్టడం అదే మొదలు. మిక్సీ పక్కకు జరిపాను, అడాప్టర్ తగిలించాను, వైరు కలిపాను. టింగుమని శబ్దం వచ్చింది.

"అయ్యో, దీనికి అడాప్టర్ ఉందా! మీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"మరి పొద్దున్నుంచీ..."

"నీ మీద కుళ్లుతో చెప్పలే."

ఆ పిల్ల గట్టుకు ఆనుకుని నిలబడింది.

సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని ఒక వీడియో తెరిచాను. పందిరి కింద పసుపు చీరల్లో ఆడవాళ్లు. కెమెరా తిరగగానే ఒకామె కొంగు లాక్కుంది. "ఆండాలు నై ఆయీ క్యా?" అని ఎవరో అడిగారు. ఇంకొకామె మొహం తిప్పుకుంది. సుమయ్యా అమ్మమ్మ, ముసలి నానీ కూడా నా పేరే అడిగింది. నాకు గుండె నిండిపోయింది. చూశావా, అనుకున్నాను.

ఆ తర్వాత కెమెరా కిందికి దిగింది. ఇక మొహాల జోలికి పోలేదు. చేతులు మాత్రమే. పసుపు కలిపే చేతులు, సుమయ్యా మోకాలి మీద వణికే నానీ చేయి, గాజులు వెనక్కి తోసుకుని నలుగు పిండి రాసే చేతులు, ఎవరికీ కనబడకుండా ఒకసారి కూతురి వేలు నొక్కి వదిలిన తయ్యబా బేగం చేయి. ఆ ఇంట్లో రెండు పెళ్లిళ్లు తీశాను నేను. ఆ చేయి నాకు ఒక్కసారీ కనబడలేదు. గుండెలో నిండినదంతా చేదెక్కింది. ఇలా తీయడం ఎవరు నేర్పారని అడగాలనిపించింది. అడగలేదు.

లాప్‌టాప్‌లో ఉంచకుండా నేరుగా డ్రైవ్‌లోకి పూర్తిగా ఎక్కేసరికి గుమ్మంలో బండి ఆగింది. మహేందర్ వంటగదిలోకి వచ్చి స్క్రీన్ చూశాడు.

"అరె వా! సాధించిన్రా మనస్విని గారూ! నేననలే, పట్టిన్రంటే వదలరని!"

"సార్, నేను కాదండి, అక్క..."

"ఏం తీసిన్రండి! గా ముసలామె చెయ్యి చూడుండ్రి, మస్తుంది. ఒక నిమిషం బిట్టు కోసి మన పేజీల పెడదాం, కింద మీ పేరేద్దాం."

"వద్దు," అన్నాను.

"మొహాలు లేవు గదనే. చేతులకేం పర్ద?"

మనస్విని వైపు చూశాను. వద్దంటుందనుకున్నాను. ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. కింద మీ పేరు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మెరుపు నాకు తెలుసు. నాతో ఎవరూ అలాంటి మాట అనలేదు కానీ, అంటే నా కళ్లు కూడా అలాగే ఉండేవి.

డ్రైవ్ పీకి గుప్పిట్లో పెట్టుకున్నాను. వైరు తీసేసి కెమెరా చేతిలోకి తీసుకున్నాను. దాని చిన్న తెర మీద మూడో వరుసలో చెత్తబుట్ట బొమ్మ. దాని కింద కుడివైపు మాట. ఒత్తాను. అంతా పోవాలా అని ఇంకోసారి అడుగుతుంది, అప్పుడూ కుడివైపే. ఒత్తాను.

"అక్కా!" అంది మనస్విని. నేను కొట్టినట్టే వినిపించింది ఆ గొంతు.

ఇచ్చిన మాట కోసం ఒత్తానో, ఆ చేతుల్ని నేను తీయలేదన్న కుళ్లుతో ఒత్తానో నాకు తెలియదు. రెండూ ఒక వేలితోనే జరిగాయి.

"పాగలైనవా?" మహేందర్ కెమెరా లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఎవర్నడిగి తుడిచినవ్? ఏడికే? ఓయ్, నిన్నే అడిగేది, ఏడికి పోతున్నవ్?"

ఆరేళ్లలో ఈ ఇంటి గడప దాటిన ప్రతిసారీ ఎక్కడికో, ఎంతసేపో, కూర ఏ గిన్నెలో ఉందో, అత్తయ్య మాత్ర ఎన్నింటికో చెప్పి వెళ్లేదాన్ని. ఈసారి ఏమీ చెప్పకుండా చెప్పులు వేసుకుని, గుప్పిట్లో డ్రైవ్‌తో గల్లీలోకి దిగి, తయ్యబా ఆపా ఉండే పత్తర్‌గట్టి వైపు నడిచాను.