ఎడమ మడమ

ఆ ఉదయం ఆకాశం కురుద్దామా వద్దా అని తేల్చుకోలేక ముఖం ముడుచుకుని కూర్చుంది. అంతకుముందు పడ్డ జల్లు గడ్డి మీద ఇంకా ఆరలేదు. అలాంటి తడి నేల మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ కాలి మీద ఎంత బరువు మోపారో కళ్లుంటే చదువుకోవచ్చు. గోల్ఫు మైదానంలో ముప్పై ఏళ్లుగా గడ్డి పని చూస్తున్న మేస్త్రికి ఆ చదువు బాగా వచ్చు.

కర్ర నేలను తాకినప్పుడల్లా అరచేయంత గడ్డిపెళ్ల లేచిపోతుంది. మిగిలిన గుంటలో గింజలు కలిపిన ఇసుక పోసి, పాదంతో అదిమి ముందుకు జరగడం ఆయన రోజూ చేసే మొదటి పని. ఆ వారం ఆ గుంటలన్నీ ఆయన కూతురు చేసినవే.

ఆమెను మైదానంలో అందరూ పిచ్చుక అంటారు. చిన్నతనంలో గడ్డి కోసే యంత్రం వెనకాల గెంతుతూ తిరిగేది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లది, పోటీలు ఆడి బతికే ఆటగత్తె. విరిగిన కర్రను సగానికి కోసి చేతికిచ్చి మొదటి స్వింగు, అంటే కర్ర ఊపే తీరు, నేర్పింది తండ్రే. మూడేళ్ల కిందట కొత్త శిక్షకుడు రెండు కెమెరాలతో, ఒక కంప్యూటరుతో దిగాడు. ఆయనకు కెమెరా సారు అన్న పేరు వారంలోనే స్థిరపడిపోయింది. ఆయన ఆ స్వింగును ముక్కలుముక్కలుగా ఆపి చూసి, దీన్ని వేళ్లతో సహా పీకేసి కొత్తది నాటాలన్నాడు. పిచ్చుక సరేనంది. "నా చేతిపని పనికిరానప్పుడు నా కొంప మాత్రం దేనికి?" అని ఇంట్లో మేస్త్రి నోరు జారాడు. ఆమె సంచి సర్దుకుంది. అప్పటినుంచి ఎదురుపడితే పరాయివాళ్లను పలకరించినట్టు "బాగున్నారా" అని తల ఊపి వెళ్లిపోతుంది. ఆ నోట నాన్నా అన్న పిలుపు కోసం ఆయన చెవులు మూడేళ్లుగా కాసుకుని ఉన్నాయి.

ఇప్పుడు ఆమె బంతి కుడికి పోతోంది. వరసగా మూడు పోటీల్లో మొదటి రెండు రోజుల్లోనే ఇంటిదారి పట్టింది. ఈ శుక్రవారం ఇక్కడ జరిగే పోటీలో నిలబడకపోతే వచ్చే ఏడాది ఆడే అర్హత కార్డు పోతుంది. మణికట్టు ఆలస్యంగా తిరుగుతోందని కెమెరా సారు నెలరోజులుగా దాన్నే సరిచేస్తున్నాడు.

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని గుంటలు చూశాడు. ప్రతి గుంటా బంతికి బెత్తెడు వెనకే మొదలైంది. కుడి బూటు ముందుభాగం నేలలోకి దిగబడింది. ఎడమ మడమ అచ్చు మాత్రం లేదు. దెబ్బ కొట్టేటప్పుడు ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి వచ్చి, అక్కడ గడ్డి మెలిపడాలి. ఇక్కడ వానబొట్లు కూడా చెదరలేదు.

"ఏం బావా, నిధి దొరికిందా?" గడ్డి కోసే యంత్రం మీదినుంచి బావమరిది కేకేశాడు. "దొరికితే సగం నాది. మా అక్క తరఫున."

మేస్త్రి ఒక్కో గుంటా చూస్తూ చివరిదాకా వెళ్లి, లేచి కెమెరా సారు గదికి నడిచాడు.

గదిలో తెర మీద పిచ్చుక చేతులు ఆగి ఉన్నాయి, నడుం నుంచి పైకే. ఆమె బెంచీ మీద నీళ్లసీసా పట్టుకుని కూర్చుంది.

"ఏం కావాలి మేస్త్రిగారూ?" అన్నాడు సారు.

"మణికట్టు బాగానే ఉంది సార్. తప్పు కింద ఉంది."

"ఎవరు చెప్పారు?"

"గుంటలు. వచ్చి చూడండి."

ముగ్గురూ బయటికి వచ్చారు. పచ్చిక మీద చదునుగా అదిమిన ఇసుక మచ్చలు తప్ప ఇంకేం లేవు. చూస్తూ చూస్తూనే అన్నిటినీ పూడ్చేశాడు మేస్త్రి. చుట్టూ ఉన్న అడుగుజాడలన్నీ ఆయన చెప్పుల కింద చెరిగిపోయాయి.

"శభాష్," అన్నాడు బావమరిది, యంత్రం ఆపి. "సాక్ష్యాన్ని సొంతచేత్తో పాతిపెట్టావు. నీ చేతులకు అదో జబ్బు బావా."

కెమెరా సారు గడియారం చూసుకున్నాడు. పిచ్చుక వెనక్కి తిరిగింది.

మేస్త్రి గోడకు చేరేసిన, ఎండుగడ్డి లాగే పొడుగు దంతెను తీసుకుని, తిరగేసి పట్టుకున్నాడు. "ఇది పిల్లకు పందొమ్మిదేళ్లప్పటిది," అని ఊపాడు. పొట్టిగా, కొడవలి దూసినట్టు విసురుగా ఉంది. "ఇది మీరొచ్చిన రెండో ఏడు." ఈసారి దంతె పైకి వెళ్లి, లెక్కపెట్టినట్టు ఒక్క క్షణం ఆగి దిగింది. అరవై దాటిన ఒంట్లో ఆ పిల్ల భుజం, ఆ పిల్ల మెడవంపు కనిపించాయి. బావమరిది నోరు తెరిచి మూయడం మరిచాడు. "ఇది ఈ వారంది," అని మూడోసారి ఊపాడు. దంతె దిగేసరికి ఎడమ మడమ గాల్లోనే ఉంది.

కెమెరా సారు పరుగున వెళ్లి కెమెరా తెచ్చాడు. మళ్లీ ఊపించి తీశాడు. ఆ పక్కనే పిచ్చుక చేత రెండు బంతులు కొట్టించి, ఈసారి పాదాలు తీశాడు. చిన్న తెర మీద రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే తండ్రీకూతుళ్ల మడమలు ఒక్కలాగే లేచి ఉన్నాయి.

"నొప్పి ఉన్నవాళ్లే కాలు అలా దాచుకుంటారు," అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ.

"నొప్పీ లేదు, ఏమీ లేదు!" అంది పిచ్చుక. కాసేపటికి వంగి ప్యాంటు పైకి మడిచింది. ఎడమ మోకాలు బూరెలా ఉబ్బి ఉంది.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు సారు.

"రెండు నెలలు. చెప్తే ఆడనిస్తారా?"

"ఇప్పుడూ ఆడనివ్వను." అక్కడే ఫోను తీసి శుక్రవారం జాబితాలోంచి ఆమె పేరు తీయించాడు. నెలంతా మణికట్టును పట్టుకు వేలాడానని తనలో తానే గొణుక్కుంటూ గదిలోకి వెళ్లిపోయాడు.

పిచ్చుక తండ్రి వైపు తిరిగింది. "కార్డు పోయింది. ఇప్పుడు చల్లగా ఉందా?"

"నాకేం చల్లదనం తల్లీ."

"ఆ రెండోది, పైన ఆగేది, బయటి ఊళ్ల పోటీల్లో తప్ప ఈ మైదానంలో నేనెప్పుడూ ఆడలేదు. దాన్ని ఎక్కడ చూశారు?"

మేస్త్రి దంతె పళ్లలో ఇరుక్కున్న గడ్డి తీస్తున్నాడు.

"ఎక్కడేమిటే," అన్నాడు బావమరిది. "నువ్వు ఎక్కడ ఆడితే అక్కడికి బస్సెక్కాడు. జనాన్ని ఆపే తాడు దగ్గర, అందరికన్నా వెనక. నాతో ఏం చెప్పేవాడో తెలుసా? గింజలు కొనడానికి వెళ్తున్నానని! ఆ లెక్కన ఈపాటికి దేశమంతా పచ్చిక మొలవాలి."

"నోరు మూసుకుని పని చూడరా," అన్నాడు మేస్త్రి.

పిచ్చుక తన కర్రలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్లిపోతుందనుకుని ఆయన తల ఎత్తలేదు.

మధ్యాహ్నం పనిముట్ల గదిలో ఇద్దరు మగవాళ్లూ అన్నం డబ్బాలు విప్పుతుంటే గుమ్మంలో వెలుతురు తగ్గింది. ఆమె కుంటుకుంటూ లోపలికి వచ్చి, నేల మీద కూర్చుని ఎడమకాలు చాపింది. మేస్త్రి తన డబ్బా మధ్యలోకి జరిపాడు. ఒక పాతగోనె మడిచి ఆ మోకాలి కిందికి తోశాడు. ఆమె చెయ్యి కడుక్కుని ఆయన డబ్బాలోంచే ఒక ముద్ద తీసుకుంది. ఏనాడూ మాట ఆపని బావమరిది కూడా తల వంచుకుని తిన్నాడు. బయట వాన మొదలైంది. ముగ్గురూ డబ్బా అడుగు దాకా తిన్నారు.